దామోదర్ గారి ‘మీ ఇష్టం’

మా అపార్ట్‌మెంట్లలో దామోదర్ నోటివెంట "వద్దు" అన్న మాట విన్నవాళ్ళెవరూ లేరు. అక్కర్లేనప్పుడు "మీ ఇష్టం" అంటాడు. కావలసినప్పుడూ "మీ ఇష్టం" అనే అంటాడు. ఇంకో గారె వెయ్యనా అని అడిగితే ఆ మాటే. అతనికి ఆకలిగా ఉందో, కడుపు నిండిందో తెలియాలంటే పేపరు ప్లేటు వైపు చూడాలి. చెయ్యి అడ్డం పెట్టాడా, ప్లేటు కాస్త ముందుకు జరిపాడా అన్నదాన్ని బట్టి మనం గారె వెయ్యాలి. అమెరికాలో మా ఊరు ఐసెలిన్‌లో ఉన్న తెలుగు ఆడవాళ్ళందరికీ ఈ విద్య వచ్చు. అమెరికా వాళ్ళకు రాదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

దామోదర్‌ది తెనాలి. అక్కడ ఫిజిక్సు చదివాడు. ఇక్కడికొచ్చాక, టీవీలూ టేపులూ పెట్టి పాఠాలు ఎలా చెప్పాలో నేర్పే చదువు ఇంకొకటి చదివాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ చొక్కా జేబులో ఒక చిన్న స్క్రూడ్రైవరుతో కనిపించేవాడు. కింది వాటా మాది, పై వాటా వాళ్ళది. నేను డెబ్భై తొమ్మిదిలో మా అమ్మాయి జయంతికి పురుడు పొయ్యడానికి వచ్చి ఉండిపోయినదాన్ని. నా చదువు ఐదో తరగతితో అయిపోయింది గాని, పైవాళ్ళింట్లో ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి అంతకంటే పెద్ద చదువు అక్కర్లేదు. మెట్లెక్కే ఓపిక ఉంటే చాలు.

అతని ఉద్యోగం యూనివర్సిటీలోనే గాని, పాఠం చెప్పేది కాదు. టీవీని చక్రాల బండి మీద పెట్టుకుని, ఏ క్లాసువాళ్ళు అడిగితే ఆ క్లాసుకు తోసుకెళ్ళి, తీగలు తగిలించి, పాఠం అయ్యాక మళ్ళీ తోసుకురావాలి. అతని భార్య రేణు మాత్రం పుట్టింటికి రాసే ఉత్తరాల్లో "ఆయన క్లాసుకు వెళ్ళారు" అని రాసేది. అందులో అబద్ధమేమీ లేదు.

ఎనభై అయిదు జనవరిలో అతని దశ తిరిగింది. నాయకత్వం నేర్పే క్లాసు ఒకటి అక్కడ ఉండేది. దాన్ని చెప్పే ఆయన ఉన్నట్టుండి కాలిఫోర్నియాకు ఉద్యోగం మార్చుకుని వెళ్ళిపోయాడు. ఆ క్లాసులో వీడియో కెమెరా వాడాలి. కెమెరాను ముట్టుకోవడానికి మిగతా ప్రొఫెసర్లకు భయం. ఆ విభాగానికి పెద్ద డోరిస్ అనే ఆవిడ. ఆవిడ బండి తోసుకొస్తున్న దామోదర్‌ను వరండాలో ఆపి, ఈ క్లాసు నువ్వు చెబుతావా అని అడిగింది. దామోదర్ "యాజ్ యూ లైక్" అన్నాడు. ఆవిడ సరేనంది. కావాలో వద్దో చెప్పకుండానే మావాడు లెక్చరరయ్యాడు. ఆ ఒక్క టర్ముకే. మే నెలలో ఆఖరి టేపు ఆవిడ స్వయంగా చూస్తుంది. పిల్లలు ఏమైనా నేర్చుకున్నారనిపిస్తే క్లాసు ఇక ఎప్పటికీ దామోదర్‌దే. లేకపోతే మళ్ళీ బండి.

సంగతి తెలియగానే పెరుగు తోడు అడగాలన్న వంకతో పైకి వెళ్ళాను.

"నాయకత్వం నేర్పడమేమిటి నాయనా? ఎలక్షన్లో నిలబెడతారా?"

"కాదు పిన్నిగారూ. కొంతమందిని బల్ల చుట్టూ కూర్చోబెడతాం. ఏదో ఒక చిక్కు ఇస్తాం. వాళ్ళలో ఒకళ్ళు లీడర్. వాళ్ళు మాట్లాడుకుంటుంటే వీడియో తీస్తాం. తరవాత టేపు వాళ్ళకే వేసి చూపిస్తాం. ఎక్కడ ఎదటివాళ్ళ మాట తెగ్గొట్టారో, ఎక్కడ తెల్లమొహం వేశారో మనం చెప్పక్కర్లేదు, వాళ్ళకే కనబడుతుంది."

"చూసుకుని ఏమన్నారు?"

"మొదటివారం లీడర్‌షిప్ గురించి ఎవరూ మాట్లాడలేదండీ. నా ముక్కు అంత పొడుగా అని ఒకడు ఏడ్చినంత పని చేశాడు."

అంత పొడుగు మాటలు అతను మాట్లాడగా నేను వినడం అదే మొదలు. మాట్లాడుతున్నంతసేపూ స్క్రూడ్రైవరు చేతిలో తిప్పుతూనే ఉన్నాడు, కళ్ళు మాత్రం వెలుగుతున్నాయి. రేణు వంటింట్లోంచి నాకు కనుసైగ చేసింది. ఈ క్లాసు పోతే ఈ మనిషి ఏమైపోతాడో అని ఆ పిల్ల బెంగ.

అతని క్లాసులో మన పిల్ల కూడా ఒకతె ఉంది. పేరు విద్య. మన తెలుగు సంఘానికి అప్పట్లో ప్రెసిడెంటుగా ఉన్న కృష్ణమూర్తి కూతురు. ఆ పిల్ల నడక నేర్చిందే అమెరికాలో. తెలుగు మాట్లాడితే మాటల చివర్లు సగం తినేస్తుంది, అర్థం చేసుకోవడంలో మాత్రం ఏమీ వదలదు. మొదటిరోజు క్లాసులో చెయ్యెత్తి, అలవాటు కొద్దీ "అంకుల్" అని పిలిచింది. పక్కనున్న కెవిన్ అనే కుర్రాడు అది మన దేశంలో ప్రొఫెసరుకు బిరుదనుకున్నాడు. వారం తిరిగేసరికి క్లాసంతా "అంకుల్, అంకుల్" అనడం మొదలుపెట్టింది. అలా పిలవద్దని చెప్పండి అని రేణు అంటే, "పోనీలే, వాళ్ళ ఇష్టం" అన్నాడు.

ఇక ఆ మాటతో క్లాసులో జరిగిన అన్యాయాలు చెప్పాలి. టేపు తీసేటప్పుడు పీజా తెప్పించుకోవచ్చా అని కెవిన్ అడిగాడు. దామోదర్ నేల వైపు చూస్తూ "యాజ్ యూ లైక్" అన్నాడు. మనలో ఎవరైనా అయితే ఆ ముఖం చూసి, తెచ్చిన పీజా కూడా వెనక్కి పంపేసేవాళ్ళం. వాళ్ళు మూడు డబ్బాలు తెప్పించారు. ఆ వారం టేపు నిండా నమలడమే. మరో వారం, బయట ఎండ బాగుంది, గడ్డి మీద కూర్చుని తీద్దామా అన్నారు. యాజ్ యూ లైక్. గాలి హోరు తప్ప టేపులో ఏమీ పడలేదు.

పాపం, పిల్లలు చెడ్డవాళ్ళు కారు. ఇంత మంచి మేష్టారు ఎక్కడా లేడు, అన్నీ మన ఇష్టానికే వదిలేస్తాడు, కాని రోజురోజుకీ ఎందుకిలా నీరసించిపోతున్నాడు అని వాళ్ళలో వాళ్ళే మథనపడ్డారు. అప్పుడు విద్య చెప్పింది. ఏం చెప్పిందో, తరవాత ఒక శనివారం నేను పులిహోర కలుపుతుంటే నా పక్కన నిలబడి జీడిపప్పు ఏరుకుంటూ నాకూ చెప్పింది.

"అమ్మమ్మగారూ, వాళ్ళకి అర్థం అవ్వట్లేదు. అంకుల్ మనకేసి చూసి చెప్తే యెస్. ఫ్లోర్ చూస్తే నో. సీలింగ్ చూసి, ముందు 'వెల్' పెట్టి చెప్తే, మళ్ళీ అడగద్దు అని. సో సింపుల్."

"ఇంకొకటుంది," అన్నాను. "కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అంటే?"

విద్య ఆలోచించింది. "అది నాకు తెలీదు."

"అడిగినదేమిటో తను వినలేదని."

ఆ పిల్ల దాన్ని కూడా వెళ్ళి క్లాసులో చెప్పింది. అప్పటినుంచి దామోదర్ నోరు తెరిచినప్పుడల్లా పిల్లలు ముందు అతన్ని చూడటం, వెంటనే విద్యను చూడటం. ఆ పిల్ల తల ఇలా పక్కకు వాల్చితే సరే, లేకపోతే లేదు. పీజాలు ఆగాయి, పని సాగింది. దామోదర్ మాత్రం ఇవేవీ గమనించలేదు. అతని చూపంతా కెమెరా మీద. ఆ వారం లీడరెవరో వాణ్ణే మధ్యలో పెట్టి, బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు కూడా పడేలా బిగించేవాడు. సాయంత్రం పూట మెట్ల మీద కనిపిస్తే, "పిల్లలు బాగానే మాట్లాడుతున్నారు పిన్నిగారూ, కాని వాళ్ళలో ఒక్కడూ లీడరు కావట్లేదు. డోరిస్ గారికి ఏం చూపించను?" అనేవాడు.

ఆ ఏడు ఉగాది మార్చిలో వస్తే, మన సంఘానికి హాలు దొరికింది మే మొదటి శనివారం నాడు. ఆ ముందురోజు కృష్ణమూర్తి దామోదర్ ఇంటికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. దామోదర్ కాలేజీ మైకును ఇంటికి తెచ్చుకుని, బల్ల మీద గుడ్డ పరిచి, తుడుచుకుంటున్నాడు. గుప్పెడంత మైకు. పిల్లలు కూర్చునే బల్ల మధ్యలో పెడితే అందరి మాటలూ టేపులోకి వెళతాయి. దాని తీగ రికార్డరుకు తగిలిస్తే కెమెరాలో ఉన్న సొంత మైకు పని మానేస్తుంది, అంతా దీని మీదే ఆధారం. ఇదంతా అతన్ని అడిగి నేను అప్పుడే తెలుసుకున్నాను.

"దామోదర్, రేపు మన పిల్లలు పాటలు పాడుతున్నారయ్యా," అన్నాడు కృష్ణమూర్తి. "టేప్ చేద్దామని. ఈ మైకు ఇలా ఇవ్వు. ఆదివారం నాడు తెచ్చి నీ చేతిలో పెడతా."

దామోదర్ నేల వైపు చూశాడు. "సోమవారం నాకు ఆఖరి క్లాసండీ. డోరిస్ గారు వస్తారు." మైకు తుడుస్తూనే, "మీ ఇష్టం," అన్నాడు.

తెలుగువాడు ఇంతకంటే గట్టిగా ఎలా కాదంటాడు? కృష్ణమూర్తి గుంటూరులో పుట్టి పెరిగినవాడు. "థాంక్యూ, థాంక్యూ" అంటూ మైకును కోటు జేబులో వేసుకున్నాడు.

నేను అతని వెనకే మెట్లు దిగాను. "ఏమయ్యా, అతను ఇవ్వనన్నాడు కదా."

"ఎప్పుడన్నాడు అక్కయ్యగారూ? నా ఇష్టమన్నాడు. మీరూ విన్నారు. నేను అమెరికా వచ్చి ఎన్నేళ్ళయింది? ఇక్కడ మాటకి మాటే అర్థం."

"మరి పోయిన ఆదివారం రేణు ఇంకాస్త అన్నం పెట్టనా అంటే, నీ ఇష్టమమ్మా అని కంచానికి అడ్డంపడ్డావే. మాటకి మాటే అర్థమైతే గిన్నెడు తినాల్సింది కదా."

కృష్ణమూర్తి కారు తాళాల కోసం వెతుక్కున్నాడు.

చెప్పిన ప్రకారం ఆదివారం మైకు తెచ్చి ఇచ్చాడు. ఆ మైకులో ఒక చిన్న బ్యాటరీ ఉంటుందనీ, వాడాక మీట ఆపాలనీ అతనికి తెలియదు. దామోదర్ చెప్పలేదా అంటే, చెప్పడానికి అతను ఇస్తానంటేగా.

సోమవారం పొద్దున రేణు కారు తీస్తుంటే నేను అడిగాను. "నేను కూడా వచ్చి చూడనా నాయనా?"

"మీ ఇష్టం పిన్నిగారూ," అన్నాడు దామోదర్. నేల వైపు చూసి అన్నాడేమో నాకు తెలియదు. అప్పటికే నేను చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్ళిపోయాను.

పొద్దుటి పూట పిల్లలు టేపు తీసుకున్నారు, నేనూ రేణూ వరండాలో కూర్చున్నాం. వాళ్ళకిచ్చిన చిక్కు ఇది. హాస్టలు వంటవాళ్ళు సమ్మె చేశారు, రేపు పిల్లల తల్లిదండ్రులంతా భోజనానికి వస్తున్నారు, ఏం చేస్తారు. ఉప్మా చేస్తే సరిపోయేదానికి ఇంత చర్చ ఎందుకో నాకు తెలియలేదు. రేణును అడిగితే నవ్వింది. ఆ వారం లీడరు కెవిన్. మధ్యాహ్నం డోరిస్ గారు వచ్చారు. నెరిసిన జుట్టు, మెడలో గొలుసుకు వేలాడే కళ్ళజోడు. నన్ను చూసి, మీరెవరని అడిగారు. పై వాటా వాళ్ళకు కింది వాటా అని చెప్పమన్నాను. రేణు ఏం చెప్పిందో గాని, ఆవిడ నాకు ముందు వరసలో కుర్చీ వేయించారు. నేను తీసుకెళ్ళిన చేగోడీల డబ్బా మూత తీసి వరసగా అందరికీ పంపించాను.

దామోదర్ టేపు పెట్టాడు. బొమ్మ వచ్చింది. మాట రాలేదు.

శబ్దం పెంచాడు. టీవీ గుయ్యిమంది. తీగ పీకి మళ్ళీ పెట్టాడు. స్క్రూడ్రైవరు తీశాడు. చివరికి మైకు చేతిలోకి తీసుకుని, మీట చూసి, అలాగే నిలబడిపోయాడు. ఉగాది సంబరం నాడు వేసిన మీట ఎవరూ ఆపలేదు. మన పిల్లల పాటలతో పాటు మర్నాడంతా కృష్ణమూర్తి కోటు జేబులో ఉన్న చీకటిని కూడా విని విని, ఆ బ్యాటరీ చచ్చిపోయింది. గదిలో చేగోడీలు నమిలే చప్పుడొక్కటే వినిపిస్తోంది.

డోరిస్ గారు గడియారం చూసుకున్నారు. "ఇంకో రోజు చూడమంటారా?" అని అడిగారు. ఇంకో రోజంటూ లేదు. మర్నాటినుంచి పిల్లలకు పరీక్షలు, ఆ పైన సెలవులు. రేణు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"యాజ్ యూ లైక్," అన్నాడు దామోదర్, నేల వైపు చూస్తూ.

ఆవిడ లేచి సంచీ తీసుకున్నారు. ఆ క్షణంలో క్లాసులో తలలన్నీ ఒక్కసారి విద్య వైపు తిరిగాయి. విద్య అంది, "ఆయన వెళ్ళొద్దంటున్నారు మేడమ్. ప్లీజ్, కూర్చోండి."

డోరిస్ గారు కూర్చోలేదు. తిరిగిన తలలను చూస్తూ నిలబడ్డారు.

"అంకుల్, అలాగే ప్లే చెయ్యండి," అంది విద్య. "ఎవరేం అన్నారో మేమే చెప్తాం."

టేపు తిరిగింది. తెర మీద కెవిన్ నోరు కదులుతుంటే, ఇక్కడ కెవిన్ లేచి తన మాటలు తనే అందుకున్నాడు. రెండు మాటలు ముందుకు వెళ్ళిపోయాడు. ఒక అమ్మాయి తన వంతు మరిచిపోయి, తెర మీద తను చెయ్యి ఊపుతుంటే ఇక్కడ చేగోడీ కొరుకుతూ ఉండిపోయింది. గదంతా నవ్వులు. అంతలో డోరిస్ గారు చెయ్యెత్తి, ఎవరూ మాట్లాడొద్దన్నారు. మెల్లగా కూర్చుని కళ్ళజోడు పెట్టుకున్నారు.

మాటలు లేకపోయేసరికి నాకు ఆ టేపు మొత్తం అర్థమైంది. కెవిన్ చేతులు చాచి మాట్లాడతాడు. అందరూ అతన్నే చూస్తారు. అతను ఆపగానే అందరూ కలిసి విద్యను చూస్తారు. కెవిన్ కూడా చూస్తాడు. విద్య తల అలా పక్కకు వాలుతుంది, ఎవరో కాగితం మీద రాస్తారు. ఇంకొకళ్ళేదో అంటారు. విద్య తల వాలదు. ఎవరూ రాయరు.

"ఆ తల కదపడం ఏమిటి?" అని డోరిస్ గారు అడిగారు.

"మాలో అది సరే అనడం," అంది రేణు. తను కూడా తల వాల్చి చూపించింది. ఆవిడ తానూ ప్రయత్నించారు గాని కుదరలేదు, మెడ పట్టేసినట్టు వచ్చింది.

అప్పటిదాకా మైకు పట్టుకుని నిలబడ్డ దామోదర్ గబగబా అలమార తీశాడు. జనవరి టేపు పెట్టి శబ్దం తీసేశాడు. అందులో ఎవరూ ఎవరినీ చూడటం లేదు, అందరూ కెమెరానే చూస్తున్నారు. పీజా వారం టేపు పెట్టాడు, అందరూ పీజాను చూస్తున్నారు. మార్చిది పెట్టాడు. అందులో తలలు తిరగడం మొదలైంది. ప్రతి టేపునూ ఆపి, వెనక్కి తిప్పి, తెర మీద వేలు పెట్టి చూపిస్తూ మాట్లాడాడు. "ఇన్నాళ్ళూ నేను మాటలకే మార్కులు వేశాను. లీడరని నేను పేరు పెట్టినవాడి మీదే కెమెరా బిగించాను. లీడరు పక్క కుర్చీలో ఉంది. వచ్చే ఏడాది ప్రతి టేపూ ముందు శబ్దం లేకుండా చూపిస్తాను. ఆ తరవాతే మాటలు," అన్నాడు. తడబడలేదు, నేల వైపు చూడలేదు. వచ్చే ఏడాది అన్న మాట నోరు జారిందని అప్పుడు తోచినట్టుంది, టక్కున ఆగిపోయాడు.

విద్య ముఖం ఎర్రబడింది. "నేనేం లీడ్ చెయ్యలేదు. జస్ట్ ట్రాన్స్‌లేట్ చేశా," అని గొణిగింది.

కెవిన్ మాత్రం, "ఆమె తల ఊపకుండా నేను పెన్సిలు కూడా చెక్కను," అన్నాడు.

డోరిస్ గారు లేచారు. "దామోదర్, వచ్చే ఏటినుంచి ఈ క్లాసు మీకు ఇద్దామని నా ఉద్దేశం. మీకు సమ్మతమేనా?"

రేణు పెదవులు కదులుతున్నాయి. ఏ దేవుడికి మొక్కుకుందో.

దామోదర్ టీవీ ఆపేశాడు. "యాజ్ యూ లైక్," అన్నాడు.

నేను తల పట్టుకున్నాను. డోరిస్ గారు ఏం చేశారో తెలుసా? ఆవిడా గిరుక్కున విద్య వైపు తిరిగారు. క్లాసంతా తిరిగింది. నేనూ తిరిగాను.

విద్య చేతులు కట్టుకుంది. "ఇది మాత్రం నేను చెప్పను అంకుల్," అంది తెలుగులో. "మీరే చెప్పాలి."

దామోదర్ పైకప్పు చూశాడు. నేల చూశాడు. కళ్ళజోడు తీయబోయి, నా వైపు చూసి, మానేశాడు. చివరికి డోరిస్ గారి ముఖంలోకి చూసి, "నాకు కావాలి," అన్నాడు. "నాకు ఈ క్లాసు కావాలి."

అతని నోట అలాంటి మాట వినడం అదే మొదలు, అదే ఆఖరు. రేణు ఆ రాత్రే పుట్టింటికి ఉత్తరం రాసింది. "ఆయన క్లాసుకు వెళ్ళారు" అన్న వాక్యంలో ఒక్క అక్షరం కూడా మార్చక్కర్లేకపోయింది.

ఆ తరవాత దామోదర్ చాలా ఏళ్ళు ఆ క్లాసు చెప్పాడు. టీవీ బండి తోసే పని ఇంకొకరికి ఇచ్చారు. అతనికి అలవాటు పోక, తన బండి తనే తోసుకునేవాడు. కెవిన్ పెద్ద కంపెనీలో మేనేజరయ్యాక కూడా క్రిస్మసుకు కార్డు పంపేవాడు, పైన "అంకుల్ గారికి" అన్న అర్థంలో ఏదో రాసి. ఇంట్లో మాత్రం దామోదర్ ఏమీ మారలేదు. ఇప్పటికీ గారె వెయ్యాలంటే ప్లేటు చూడాల్సిందే.

మారింది ఒక్క కృష్ణమూర్తే. ఆ జూన్‌లో, అమ్మాయికి స్కాలర్‌షిప్పు వచ్చిందని ఇంట్లో విందు పెట్టుకుని, దాన్ని వీడియో తీయాలని కూతురిని వెంటబెట్టుకుని దామోదర్ ఇంటికి వచ్చాడు. నేను తోడు పెరుగు కోసం వెళ్ళి అక్కడే ఉన్నాను.

"దామోదర్, కాలేజీ కెమెరా ఒక్కరోజు ఇస్తావా? మైకు కూడా."

"మీ ఇష్టం," అన్నాడు దామోదర్.

కృష్ణమూర్తి చెయ్యి సగం చాచాడు. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, మెల్లగా కూతురి వైపు తిరిగాడు. విద్య తల వాలలేదు.

"సరేలే," అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు కృష్ణమూర్తి. "రేణూ, కాస్త కాఫీ ఇస్తావా అమ్మా?"